కోన్ల లోడుకు చెప్పిన రేటు

భివండీలో అంజూర్ ఫాటా కూడలి దగ్గర ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో నా పని రేట్లు చెప్పడం. ఏ ఊరికి, ఏ మాలు, హమాలీ ఎవరిది, తిరుగు లోడు దొరుకుతుందా లేదా, ఇవన్నీ చూసుకుని భాడా, అంటే లారీ కిరాయి, లెక్కగట్టి పార్టీకి ఫోన్లో చెప్పాలి. సరే అంటే లెటర్‌హెడ్ మీద రాసి పంపాలి. మా బాపు సాంచాలు, అదే మరమగ్గాలు, నడిపేవాడు. ఆ చప్పుడులో పెరిగిన పిల్లలందరిలాగే నాకూ గొంతు పెద్దది. ఫోన్లో మాట్లాడితే రోడ్డు మీదికి వినిపించేది.

గాళా అంటే షట్టర్ గది. మా గాళాకూ పక్క గాళాకూ మధ్య ప్లైవుడ్ గోడ. అవతల ఇంకో ట్రాన్స్‌పోర్ట్. నడిపేది జగిత్యాల దిక్కు మనిషే. పొద్దున్నే కనబడి "ఏం చెల్లె, బాపు మంచిగున్నడా?" అని అడిగేవాడు. మనవాడు కదా అని నేను చాయ్ కూడా పంపేదాన్ని. ఆ చాయ్ తాగుతూనే నా గొంతు కోశాడు.

నేను రేటు చెప్పి ఫోన్ పెట్టగానే అదే పార్టీకి అటునుంచి ఫోన్ పోయేది, కాస్త తగ్గించి. వానలు వెనకబట్టేసరికి పాత పార్టీలన్నీ అటు జారుకున్నాయి. మా ఓనరు సేఠ్ డ్రైవర్ల ముందే నన్ను నిలబెట్టి, తెలుగోళ్లంతా ఒకటేననీ, రేట్లు నేనే అమ్ముకుంటున్నాననీ అన్నాడు. దీపావళి తర్వాత రావద్దన్నాడు. పని పోతే ఇంకోటి చూసుకుందును. దొంగ అన్న పేరు పడ్డాక ఈ ఫాటాలో నన్నెవరు పెట్టుకుంటారు?

ఒకరోజు రేటు చెబుతూ దగ్గొచ్చి ఆగాను. అవతల కుర్చీ ఒకటి గోడ దగ్గరికి జరిగింది. గోడలకు చెవులుంటాయంటారు, మా గోడకు మీసాలు కూడా ఉన్నాయని ఆ రోజే తెలిసింది. నాకు ఏడుపు రాలేదు. వాణ్ని ముంచాలనిపించింది.

పక్కనున్న కాశేలిలో పాత కోన్లు కొనే కాక ఒకాయన ఉండేవాడు. నూలు చుట్టుకుని వచ్చే అట్టగొట్టం కోనే, నూలు అయిపోయాక మిగిలే ఖాళీదీ కోనే. ఖాళీవి పోగుచేసి ఆయన మళ్లీ మిల్లులకు పంపేవాడు. లారీ నిండా కట్టినా బరువుండదు కాబట్టి అందరూ లారీకి ఇంతని చెప్పేవాళ్లు. టన్ను లెక్కన ఇవ్వమని ఆయన ఏళ్లుగా బతిమాలుతున్నా ఎవరూ ఒప్పుకోలేదు.

సేఠ్‌ను పిలిచి ఎదురుగా కూర్చోమన్నాను. "ఇప్పుడు నేను ఒక రేటు చెబుతాను. లైన్లో ఎవరూ ఉండరు. అది ఎక్కడ తేలుతుందో మీరే చూడండి" అని హిందీలో కాగితం మీద రాసి చూపించాను. ఫోన్ కట్టయ్యే బటన్ వేలితో నొక్కిపట్టి, సాంచాల నడుమ బాపును పిలిచే గొంతెత్తాను.

"హా కాక, కాశేలి గోదాంల కోన్ల లోడు గదా? టన్ను లెక్కనే ఇస్తం." టన్నుకు ఇంతని ఒక అంకె చెప్పాను. "సీజనంతా గదే రేటు."

కుర్చీ జరిగింది. అంత తీయటి చప్పుడు నేను మళ్లీ వినలేదు.

భివండీకి నూలు వస్తుందే గాని ఇక్కణ్నుంచి పోదు. బయటికి పోయే కోను ఖాళీదేనని సాంచా కింద పాకే పిల్లకైనా తెలుసు. పక్క గాళా ఆయనకూ తెలుసు. కానీ టన్ను లెక్క అనగానే బరువైన నూలు కోన్లే అనుకున్నాడు, ఆశ ఆలోచించనివ్వలేదు. ఆ సాయంత్రమే కాకకు ఫోన్ చేసి, నా రేటు కంటే తగ్గించి, సీజనంతటికీ లెటర్‌హెడ్ మీద రాసిచ్చాడు. కాక ఆ కాగితాన్ని దేవుడి పటం వెనక పెట్టుకున్నాడట.

మొదటి లారీ గడ్డిబండిలా ఉబ్బి ఫాటా దాటింది. కాటా మీద ముల్లు కదిలిందో లేదో అని డ్రైవర్లు నవ్వారు. తేలు కుట్టిన దొంగ కిక్కురుమనడంటారు. ఈయనకు ఆ తెలివి కూడా లేకపోయింది. కాటా చీటీ పట్టుకుని నేరుగా మా గాళాలోకి వచ్చాడు, సేఠ్ ఉండగానే.

"ఏంది చెల్లె, టన్ను లెక్కని నువ్వే అంటివి గద? ఖాళీ కోన్లని ఎందుకు చెప్పలే?"

సేఠ్‌కు తెలుగు రాదు. ఒక్క ముక్క పోకుండా హిందీలోకి మార్చి చెప్పాను. సేఠ్ ఫోన్ వైపు చూశాడు, తర్వాత ప్లైవుడ్ వైపు చూశాడు.

"నేను నీకు ఫోన్ చేయలే గదన్నా" అన్నాను ఆయనతో. గోడ అవతలికి వినబడనంత మెల్లగా మాట్లాడటం నాకు అదే మొదలు.