కింద ఎవరుంటారు?

నా చిన్నప్పుడు మా జేజి ఎవరినైనా నమ్మగా నేను చూడలేదు. జేజి అంటే మా నాయనకు అమ్మ. పాలవాడు చెంబు వంచకముందే పాలల్లో వేలు పెట్టి చూసేది. బస్సులో కండక్టర్ టికెట్ ఇస్తే, చదువు రాకపోయినా దాన్ని అటూ ఇటూ తిప్పి, పక్క సీటువాళ్లకు చూపించి, సరైనదేనా అని అడిగేది. జోస్యం చెప్పేవాడు వీధిలోకి వస్తే, "రేపటి సంగతి తరవాత చూద్దాం గానీ నిన్న నేనేం తిన్న్యానో చెప్పు" అని అక్కడే నిలబెట్టేది. ఆమె పోలిక నాకే వచ్చిందని మా ఇంట్లో అందరూ అంటారు. మెచ్చుకుంటున్నారో ఎత్తిపొడుస్తున్నారో నాకు ఇప్పటికీ అనుమానమే.

మాది ఆళ్లగడ్డ. మా ఇంట్లో మగవాళ్లందరూ దేవుళ్ల విగ్రహాలు చెక్కేవాళ్లు. ఇంటి ముందు పందిట్లో పొద్దున మొదలైన ఉలి చప్పుడు పొద్దుగూకేదాకా ఆగేది కాదు. బండి మీద రాయి వస్తే, దించకముందే మా నాయన దాని చుట్టూ తిరిగి సుత్తితో అక్కడక్కడా తట్టేవాడు. గంటలా మోగితే దించుకునేవాడు. మోగకపోతే లోపల పగులుందని వెనక్కి పంపేవాడు. పైకి ఎంత నున్నగా ఉన్నా, అమ్మేవాడు ఎన్ని ఒట్లు వేసినా ఆయనకు పట్టేది కాదు. రాయికి నోరుంది, తడితే గానీ తెరవదు అనేవాడు.

అప్పటికి నాకు తొమ్మిదేళ్లు, మా తమ్మునికి ఆరు. వానికి పసితనంలో జ్వరం వచ్చి చెవులు సగం పోయాయి. నంద్యాలకు తీసుకుపోతే డాక్టరు చూసి, గట్టిగా మాట్లాడితే వింటాడు, ఇంక ఇంతే అన్నాడు. వాడు మాట్లాడినా గట్టిగానే మాట్లాడేవాడు. లేకపోతే వాని మాట వానికే వినపడదు. వాడు అన్నం అడిగితే నాలుగిళ్ల అవతలి నుంచి, "పిల్లోనికి అన్నం పెట్టు తల్లీ, మేం నిద్ర పోవాల" అని ఎవరో ఒకరు కేకేసేవాళ్లు. అదంతా నవ్వులాటే. వాని గొంతు మా వీధికి అలవాటైపోయింది. రోజంతా పందిట్లో మా నాయన పక్కన కూర్చునేవాడు, ఉలి చప్పుడొక్కటే వానికి నిండుగా వినపడేది కాబట్టి.

ఆ రోజుల్లో వానలు సరిగా లేక గుళ్లు కట్టించే వాళ్లు కరువయ్యారు. చెక్కిన విగ్రహాలు పందిట్లోనే వరసగా నిలబడి ఉండేవి. అలాంటప్పుడు మలేషియా నుంచి ఒక మేస్త్రీ సెలవు మీద నంద్యాలకు వచ్చాడు. అక్కడ పెద్ద గుడి కడుతున్నారని, పని ఏళ్ల తరబడి ఉంటుందని, పెళ్లాం పిల్లల్తో రావచ్చని మా నాయనకు కబురు చేశాడు. అదే దేశంలో ఇంకో ఊళ్లో, సముద్రపు రేవు దగ్గర, మా నాయనకు వరసకు బావ అయ్యే మనిషి చిన్న గుడి పని చేస్తున్నాడు. ఆయనా రమ్మన్నాడు గానీ అక్కడ కూలి తక్కువ. ఆ రెండూళ్ల పేర్లూ నేను చెప్పను. రెండింట్లోనూ మనవాళ్లున్నారు, నా మీదికి తగవుకు వస్తారు. మా ఇంట్లో వాటిని పెద్దూరు, రేవూరు అనుకునేవాళ్లం.

మేస్త్రీ మా ఇంటికి ఫొటోలు తెచ్చాడు. ఆకాశానికి అంటుకున్న మేడలు, అద్దంలాంటి రోడ్లు, పచ్చని పార్కు. పెద్దూళ్లో చెవులకు మంచి డాక్టర్లున్నారని ఆయన చెప్పగానే మా అమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆమె మనసు ఆ క్షణానే ఓడెక్కింది. మా నాయన కూడా సరే అనేటట్టే ఉన్నాడు. జేజి మాత్రం ఫొటోలు ఒక్కొక్కటే వెలుతురుకు పట్టి చూసింది. వెనక్కి తిప్పి కూడా చూసింది. "ఇన్ని మేడలుండాయి గదప్పా, పిల్లోళ్లు ఒక్కరూ కనపడరే, యాడ పోయినారు?" అంది. బడికి పోయుంటారన్నాడు మేస్త్రీ. "నీడలు ఇంత పొడుగు పడినాయి, ఇంకా బడేందీ?" అని ఫొటోలు తిరిగిచ్చేసింది. తర్వాత ఉన్నట్టుండి నవ్వు ముఖం పెట్టి, ఆదివారం మీ ఆడమనిషినీ పిల్లల్నీ పిల్చుకోని భోజనానికి రా అంది. జేజి నవ్విందంటే నాకు భయమేసేది. ఊరికే నవ్వే మనిషి కాదు.

ఆదివారం వాళ్లు నంద్యాల బస్సులో వచ్చారు. మేస్త్రీకి నా ఈడు కూతురు, మా తమ్ముని ఈడు కొడుకు. ఓళిగలు, చిత్రాన్నం చేశారు మా వాళ్లు. ఆ పిల్లలిద్దరినీ చూసి మా వీధి ఆడవాళ్లందరూ ముక్కున వేలేసుకున్నారు. అంత నెమ్మదైన పిల్లల్ని మేమెప్పుడూ చూడలేదు. అడుగు తీసి అడుగు వేస్తే వినపడదు. గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని, చప్పుడు కాకుండా నేల మీద పెడతారు. పీట జరపాల్సి వస్తే ఎత్తి జరుపుతారు. ఒకరితో ఒకరు గుసగుసగా మాట్లాడుకుంటారు. మా అమ్మ మమ్మల్ని ఇద్దర్నీ చూసి, "మీరూ ఉండారు, దేనికీ! ఆ ఊరి గాలి తగిలితే మీగ్గూడా బుద్ధి వస్తాది" అంది.

జేజి నన్ను వంటింట్లోకి లాక్కుపోయి, "ఈ వయసుకు ఇంత బుద్ధి యాడిదే? ఎవురో కొట్టి పెట్టినారు" అంది. తలకు నూనె పెడతానన్న వంకతో ఆ పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని మెడ, వీపు, చేతులు తడిమి చూసింది. ఒక్క మచ్చ లేదు. బాగా తిని పెరిగిన పిల్లలు. తల్లిదండ్రులు పిలిస్తే బెదరకుండా నవ్వుతూ పోతున్నారు. ఇంకొకరైతే అంతటితో అనుమానం తీరిందనుకునేవాళ్లు. జేజికి అది ఇంకా ముదిరింది. అంతలో మా తమ్ముడు ఆ పిల్లవాని చెవి దగ్గరికి పోయి, రా ఆడుకుందామని వాని మామూలు గొంతుతో అరిచాడు. ఆ పిల్లవాడు ఉలిక్కిపడినా కోప్పడలేదు, తోసేయలేదు, గబుక్కున మా తమ్ముని నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు. జేజి అది చూసింది. ఆమె చూడటం నేను చూశాను.

భోజనాలయ్యాక అందరూ నడవలో కూర్చున్నారు. జేజి నీళ్లకు పోతున్నదానిలా పెద్ద ఇత్తడి బిందె చంకన పెట్టుకుని మా మధ్యలోకి వచ్చింది. ఖాళీ బిందె. వచ్చి, చెయ్యి జారినట్టు, బండల మీద దాన్ని వదిలేసింది. ఇల్లంతా దద్దరిల్లింది. మా అమ్మ "అయ్యో" అంది. మా తమ్మునికి ఆ అదురు కాళ్లలోంచి పాకింది కాబోలు, చప్పట్లు కొట్టి, "జేజీ, మళ్లా వెయ్యి!" అని కేకలు పెట్టాడు. మేస్త్రీ కొడుకు ఉన్నచోటనే ముడుచుకుని చెవులు మూసుకున్నాడు. ఆ ఆడపిల్ల మాత్రం లేచి పరిగెత్తి, దొర్లుతున్న బిందె మీద పడి, దాన్ని కడుపుకు అదుముకుని ఆపింది. పెదాల మీద వేలు పెట్టి మా అందరి వంకా చూసింది. "ఉష్... కిందోళ్లు వస్తారు" అంది.

ఎవరికీ అర్థం కాలేదు. మా ఆళ్లగడ్డలో అప్పట్లో అన్నీ ఒంటి అంతస్తు మట్టి మిద్దెలే. ఇంటి పైన ఎండబెట్టిన మిరపకాయలుంటాయి గానీ కింద మనుషులుండటం ఎవరెరుగుదురు? జేజి ఆ పిల్ల పక్కన చతికిలబడి, "కిందోళ్లా? మన కింద బండ ఉండాది, బండ కింద మట్టి ఉండాది. మట్టి కింద ఎవురుంటారమ్మా?" అని మెల్లగా అడిగింది. ఆ పిల్ల నేల వంక చూసింది, జేజి వంక చూసింది. ఎక్కడున్నదీ అప్పుడు గుర్తొచ్చినట్టుంది. బిందె మాత్రం వదల్లేదు.

ఆ పిల్లల తల్లి కొంగుతో కళ్లు ఒత్తుకుని అప్పుడు చెప్పింది. పెద్దూళ్లో వాళ్లది మేడ మీద ఇల్లు. వాళ్ల నేల కింది ఇంటివాళ్లకు కప్పు. ఆ కింది ఇంట్లో ఉండే మనిషి రాత్రుళ్లు పనికి పోయి పగలు నిద్రపోతాడు. పిల్లలు పరిగెత్తితే ఆయన కర్రతో కప్పు మీద పొడుస్తాడు. రెండుసార్లు ఇంటి ఓనరుతో చెప్పాడు, మూడోసారి చెబితే ఖాళీ చేయాల్సి వస్తుంది. మేడ దిగితే ఆడుకోవడానికి చోటు లేదు, అన్నీ బండ్లే. పార్కు ఉంది గానీ బస్సెక్కి పోవాలి. "ఆయన తప్పేం లేదు పెద్దమ్మా, ఆయనకూ నిద్ర కావాల గదా. మా పిల్లోళ్లకే నేర్పించినా. ఇప్పుడు ఈడికొచ్చినా మానుకోలేకపోతాండారు" అంది.

మేస్త్రీ తల ఎత్తలేదు. "నేను అబద్ధం చెప్పల్యా పెద్దమ్మా. నన్నెవురూ ఇది అడగల్యా" అన్నాడు. జేజి ఆయన మీద అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "నిజమేప్పా, నువ్వు అబద్ధం చెప్పల్యా. మేమే తట్టి చూడల్యా" అంది.

ఆ తర్వాత మా ఇంట్లో పెద్ద గొడవే జరిగింది. చెవుల డాక్టరును వదులుకుంటామా అని మా అమ్మ ఏడ్చింది. ఏడవాల్సిన ఏడుపే అది. జేజి మాత్రం పట్టిన పట్టు వదల్లేదు. "రేవూరి నుంచి డాక్టరు కాడికి పోయిరావచ్చు. ఇంటికాడికి పోయిరాలేం గదా, ఆడనే బతకాల. వీని నోరు మూయాలంటే దినామూ కొట్టాల. ఎవురు కొడతారు, నువ్వా నేనా?" అంది. పందిట్లో రాళ్ల మధ్య కూర్చుని తనలో తాను ఏదో గట్టిగా చెప్పుకుంటున్న తమ్మున్ని మా నాయన చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు.

ఆ ఆదివారం సాయంత్రం బస్సుకు పోయేముందు మేస్త్రీ కొడుకు మా నడవలో ఒక్కడే నిలబడి, అటూ ఇటూ చూసి, రెండు కాళ్లతో బండ మీదికి ఎగిరి దూకాడు. దూకి, ఎదురుచూశాడు. ఎవరూ రాలేదు. మళ్లీ దూకాడు. వాళ్లమ్మ చెయ్యి పట్టి లాగేదాకా దూకుతూనే ఉన్నాడు. నేనూ తమ్ముడూ మాత్రం చాలా రోజులు ఆ బండల మీద చెవి ఆనించి పడుకునేవాళ్లం. మా కింద నిజంగానే ఎవరో ఉన్నారని నా అనుమానం. తమ్మునికి అనుమానాల్లేవు, నేలకు నోరు ఆనించి, "ఏం చేస్తాండారూ?" అని సూటిగా కిందోళ్లనే అడిగేవాడు.

మా నాయన రేవూరి బావకు ఒక్కటే కబురు పంపాడు. మేముండబోయే ఇంటి కింద ఎవరుంటారు అని. కూలి ఎంత, బడి ఎక్కడ అని అడుగుతారనుకున్న ఆ మనిషి, వీళ్లకు మతి పోయిందనుకున్నాడట. కింద ఎవరుంటారు, ఎర్రచీమలుంటాయి అని జవాబు పంపాడు. అలా మేం రేవూరికి పోయాం. జేజి కూడా వచ్చింది, మమ్మల్ని మా నాయన చేతుల్లో పెట్టడానికి నమ్మకం చాలక. ఓడలో ఆమె మూటలో చీరల మధ్య ఆ ఇత్తడి బిందె ఉంది. అక్కడ బిందెలు దొరకవా అని మా నాయన విసుక్కుంటే, "దొరుకుతాయో లేదో నీకెవురు చెప్పినారు?" అంది.

రేవూళ్లో మాది వరసగా కట్టిన ఇళ్లల్లో ఒకటి. సామాన్లు దించీ దించకముందే జేజి బిందె పట్టుకుని ఇంటి నడుమ నిలబడింది. మా అమ్మ వద్దత్తా వద్దని మొత్తుకుంటూనే ఉంది, వదిలేసింది. ఆ చప్పుడుకు పక్కింటి తలుపు తెరుచుకుంది. తడి చేతులు తుడుచుకోకుండానే ఒకావిడ మా ఇంట్లోకి పరిగెత్తుకుంటూ వచ్చింది. జేజి నన్ను మోచేత్తో పొడిచి, "వచ్చింది చూడు" అంది. ఆవిడ భాష మాకు రాదు, మా భాష ఆవిడకు రాదు. ఆవిడ కింద పడి ఉన్న బిందెను చూసింది, జేజిని చూసింది. వంగి, జేజి పాదం చేతుల్లోకి తీసుకుని, వేళ్లు ఒక్కొక్కటీ పట్టి చూసింది, దెబ్బ తగిలిందేమోనని. ఆవిడ పోయాక జేజి గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది. మరునాడు ఆవిడ కూర పంపిస్తే మాత్రం వాసన చూసి, ముందు తను తిని, కాసేపాగి మాకు పెట్టింది.

మా తమ్ముడు ఆ ఊళ్లోనే పెరిగాడు. చెవుల డాక్టరు కోసం మా అమ్మ వాన్ని బస్సులో పెద్దూరికి తీసుకుపోయి తీసుకొచ్చేది. కొంచెం బాగుపడింది గానీ గొంతు తగ్గలేదు. ఇప్పటికీ అక్కడే ఉలి పడుతున్నాడు. వాడు ఫోను చేస్తే, పెళ్లయి నంద్యాలకు తిరిగొచ్చేసిన నేను మా వీధి చివర ఉన్నా వినపడుతుంది.

ఇదంతా ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, హైదరాబాదులో ఉండే మా అమ్మాయి మొన్న పిల్లల్తో వచ్చింది. అల్లుడికి బయటి దేశంలో ఉద్యోగమట, రెండూళ్లల్లో ఏదో ఒకటి వీళ్లే ఎంచుకోవాలట. ఫోనులో నాకు అన్నీ చూపించింది. ఏ ఊళ్లో బళ్లు మంచివి, ఎక్కడ గాలి మంచిది, ఎక్కడ పార్కులెక్కువ, అన్నిటికీ మార్కులు వేసి పెట్టారు ఎవరో. అందులో అబద్ధం ఉండకపోవచ్చు. మేస్త్రీ కూడా అబద్ధం చెప్పలేదు కదా. అడగని ప్రశ్నకు జవాబు ఎవరూ మోసుకొచ్చి ఇవ్వరు. నా చిన్న మనవరాలు నడవదు, గెంతుతుంది. నిద్రలో తప్ప దాని కాళ్లు నేల మీద నిలవవు. నేను మా అమ్మాయిని ఒక్కటే అడిగాను, కింద ఎవరుంటారే అని. అది నవ్వి, "ఇప్పుడు చప్పుడు వినపడకుండా కడతారులే అమ్మా" అంది. ఎవరు చెప్పారు, అద్దెకిచ్చేవాడా, అందులో ఉండేవాడా అని అడిగితే ముఖం ముడుచుకుంది.

ఆ రెంటిలో ఒక ఊళ్లో దాని స్నేహితురాలు ఒకామె ఉందట, ఆరేళ్ల కొడుకుతో. రేపు సాయంత్రం వీడియో కాల్ చేస్తుందట. ఆమెతో మీరు మాట్లాడుకోండి, పిల్లవానికి ఒక్క నిమిషం నన్ను చూపించండి చాలు అన్నాను. చుట్టూ సొట్టలు పడినా, జేజి నాకిచ్చిన ఆ బిందె ఇంకా బాగా మోగుతుంది. ఇందాకే చింతపండు పెట్టి తోమి, ఫోను పెట్టే బల్ల పక్కన పెట్టుకున్నాను.