పసుపు లేని పథ్యం

పక్క ఫ్లాట్‌లో ఎవరో పప్పుకు వెల్లుల్లి పోపు పెట్టారు. ఆ వాసనకు ఆకలి వేయాల్సింది పోయి శోభక్క గుర్తొచ్చింది.

హైదరాబాద్ చంపాపేటలో నేనూ మా ఆయనా అద్దెకున్న ఇంటి యజమానురాలు ఆమె. నల్గొండ వైపు మనిషి. నేను గుంటూరు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పేదాన్ని. హెపటైటిస్ బి వల్ల నా కాలేయం వాచిందనీ, వైరస్ ఒంట్లోంచి పోదనీ, రోజూ మాత్ర వేసుకుని అదుపులో పెట్టుకోవాలనీ డాక్టర్ చెప్పాడు. మా అమ్మ దృష్టిలో మాత్రం కాలేయం జబ్బంటే పచ్చకామెర్లే. నూనె వద్దంది, పోపు వద్దంది, పచ్చగా ఉంటుంది కాబట్టి పసుపు అసలే వద్దంది. కామెర్ల పథ్యమైతే కొన్నాళ్లకు ముగుస్తుంది. నా జబ్బు పోయేది కాదు కనుక నా పథ్యానికీ అంతు లేకుండా పోయింది. చప్పిడి మజ్జిగన్నం తిని, మెట్లెక్కలేక మధ్యలో ఆగిపోయేదాన్ని.

ఒకరోజు అలా ఆగితే శోభక్క చూసింది.

"ఏమైంది టీచరమ్మా, గట్ల గుంజుకపోయినవ్?"

దాచే ఓపిక లేక చెప్పేశాను.

"నాకూ గదే ఉంది. ఏండ్ల సంది గోలీ ఏస్కుంటున్న. ఈ పథ్యం ఎవలు చెప్పిన్రు?"

"పసుపు తినకూడదంటారు కదక్కా?"

"డాక్టర్‌ను అడిగినవా?"

అడగలేదు. శోభక్క నన్ను లోపలికి తీసుకెళ్లి, పసుపూ పోపూ వేసిన పప్పుతో అన్నం పెట్టింది. నేను తినేదాకా ఎదురుగానే కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది. ఆ తర్వాత ఎల్బీ నగర్ ఆసుపత్రికి ఇద్దరం కలిసే వెళ్లేవాళ్లం. పసుపు మానక్కర్లేదు, గోలీ మానొద్దు, రక్తపరీక్ష ఎగ్గొట్టొద్దు అని డాక్టర్ చెప్పినవన్నీ దారిలో మళ్లీ చెప్పేది. మా ఆయనకు పరీక్ష చేయించి, టీకా వేయించేదాకా నన్ను వదల్లేదు.

కొన్నేళ్లకు ఆమె రిపోర్టులు చాలా బాగా వచ్చాయి. ఆమె గోలీ మానేసింది.

"ఇగ చాలు టీచరమ్మా. మంచిగనే ఉన్న గదా. యాష్టకొచ్చింది."

"గోలీ వల్లే బాగున్నారక్కా. నాకు మీరే కదా చెప్పారు?"

"చెప్పిన. నాకు ఎరుకలేదా? జర కొన్నాళ్లు ఇడిసిపెట్టు నన్ను."

వాళ్లబ్బాయితో చెప్పించాను, పోట్లాడాను. వినలేదు. కొన్ని నెలలకు ఆమె కళ్లు పచ్చబడ్డాయి. ఆసుపత్రిలో చేర్చేసరికి కాలేయం పూర్తిగా దెబ్బతింది. ఆమె తిరిగి రాలేదు.

నాకూ విసుగే. ఏ నొప్పీ లేని రోజున కూడా జబ్బు మనిషినని ఒప్పుకుని మాత్ర మింగడం ఎంత విసుగో ఆమె ఒక్కదానికే తెలుసు. ఇక మానేద్దామనిపించిన రోజున ఆమె మీద పట్టరాని కోపం వస్తుంది. నన్ను బతికించి, తనెందుకు మానేసింది? ఆ కోపంతోనే మాత్ర వేసుకుంటాను.