నంబరు లేనిది కబురు కాదు

ఆ మధ్యాహ్నం నాలుగవుతుండగా కింది అంతస్తు ఆంటీ మెట్లెక్కి వచ్చింది. నేను మినప్పప్పు కడుగుతున్నాను. ఆవిడ గుమ్మంలోనే నిలబడి, "బేటా, సూపర్‌వైజర్ సాబ్ నహీ రహే" అంది. పోయారట. వసంత్ కుంజ్‌లో ఆయన పనిచేసే అపార్ట్‌మెంట్ల గేటు దగ్గర కుర్చీలోంచి లేస్తూ పడిపోయారట. ఆసుపత్రికి చేర్చేసరికే అయిపోయిందని అక్కడి గార్డు ఫోను చేశాడట.

నాకు ఏడుపు రాలేదు. "కౌన్ సా నంబర్?" అని అడిగాను, ఏ నంబరని.

ఆంటీ నా వంక భయంగా చూసింది. పిచ్చి పట్టిందనుకుని ఉంటుంది. అక్కడ సూపర్‌వైజర్లు ఇద్దరున్న మాట నిజమే కానీ నేను అడిగింది అందుకు కాదు. ఎవరు పోయారని చెప్పినా ముందు నంబరు అడగమని నాకు నేర్పిన మనిషి ఆయనే. ఆంటీ ఏమనుకుందో ఏమో, గార్డు పంపిన ఫొటో తీసి చూపించింది. ఆయన జేబులో దొరికిన పాత సైన్యం కార్డు. అందులో నంబరు ఒకటికి రెండుసార్లు చదివాను. ఎక్కడా తప్పు లేదు. ఢిల్లీ మునిర్కాలో మా ఎదురు గదిలో నాలుగేళ్ళుగా ఉన్న బాబాయే.

నేను ఏడో తరగతి దాకే చదివాను. ఇలాంటివి రాయడం నాకు చేతకాదు. పదకొండో రోజున ఆయన కూతురు, "మా నాన్న దగ్గర ఎక్కువ కూర్చున్నది నువ్వే, తెలిసినంత రాయి" అంది. ఆ అమ్మాయి గ్రేటర్ నోయిడాలో కాలేజీలో పని చేస్తుంది. తెలుగు అర్థమవుతుంది గానీ రాయడం రాదు. అందుకని ఇది నేను రాస్తున్నాను.

బాబాయిది మా శ్రీకాకుళం వైపే. సైన్యంలో ఫోను తీగలు వేసే పని చేసి సుబేదారుగా రిటైరయ్యారు. భార్య పోయాక కూతురు తన దగ్గరకి రమ్మన్నా వెళ్ళలేదు. మా డాబా మీద బట్టలారేసుకునే తీగ ఆయన కట్టిందే. ఈ గల్లీలో ఏ డాబా మీద చూసినా తాడు మధ్యలో కిందికి వేలాడుతుంది. మాది మాత్రం తడి దుప్పటి వేసినా వంగదు.

మా ఆయన కూడా సిపాయే. యూనిట్ ఢిల్లీలో ఉన్నప్పుడు ఈ గది తీసుకున్నాం. తర్వాత ఆయన్ని సరిహద్దుకి పంపారు. నేను ఇక్కడే ఉండిపోయి పై అంతస్తుల్లో చదువుకునే పిల్లలకి ఇడ్లీ పిండి రుబ్బి ఇస్తున్నాను. మొదట్లో నేను ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు. బాబాయి ఎదురుపడితే కొంగు సర్దుకుని గోడకి జరిగేదాన్ని. ఒకరోజు ఆయన మెట్ల మీద ఆగి, "మీ ఆయన పేరేటమ్మా?" అని అడిగారు. నేను తల వంచుకున్నాను. మా ఇళ్ళల్లో మొగుడి పేరు నోటితో పలకరు.

"పేరు సెప్పడానికి సిగ్గా? సర్లే, నంబరు సెప్పు."

నాకు తెలీదన్నాను.

"ఓలమ్మ! సిపాయి పెళ్ళానివయ్యుండి నంబరు తెలీదంటావేటి? పేరుదేటుంది, ఒక్కో యూనిట్లో ఆ పేరోళ్ళు నలుగురుంటారు. మా దగ్గర పేరు పక్కన నంబరులో ఆఖరి రెండంకెలు కలిపి పిలుస్తారు. నంబరు ఒక్కడికే ఉంటాది."

ఆ రాత్రి ఫోనులో మా ఆయన్ని అడిగి నంబరు రాసుకున్నాను. మర్నాడు గుమ్మంలో నిలబడి బాబాయికి అప్పజెప్పాను. అప్పట్నుంచి ఆయనకి మా ఆయన ముప్పై ఒకటి. "ముప్పై ఒకటి ఫోన్ సేసినాడా? తిన్నాడంటనా?" అనేవారు. పై అంతస్తులో ఒకే పేరున్న ఇద్దరమ్మాయిలుంటే వాళ్ళ ఫోను నంబర్లలో ఆఖరి అంకెలు పట్టుకుని డెబ్బై రెండు, ఎనభై ఒకటి అని పిలిచేవారు. "బాబాయ్, మేమేమైనా బస్సులమా?" అని డెబ్బై రెండు గొడవపెట్టేది. "బస్సులైతే టైముకొచ్చును. మీరు ఏనాడైనా టైముకొచ్చినారేటి?" అని ఆయన నవ్వేవారు.

ఇదంతా వేళాకోళమే అనుకున్నాను, సరిహద్దులో కాల్పులు మొదలయ్యేదాకా.

మా ఆయన అప్పుడు సెలవులో ఇంటికొచ్చి ఉన్నారు. మూడో రోజునే వెనక్కి రమ్మని కబురొచ్చింది. బ్యాగు సర్దుకుని బయల్దేరేటప్పుడు బాబాయి గదిలోకి వెళ్ళి కొంచెంసేపు మాట్లాడి వచ్చారు. పెద్దాయన ఆశీర్వాదం కోసం వెళ్ళారనుకున్నాను. అంతకంటే ఆలోచించలేదు.

తర్వాత రెండు రోజులు ఫోను లేదు. మూడో రోజు మధ్యాహ్నం డెబ్బై రెండు చెప్పుల్లేకుండా మెట్లు దిగి వచ్చింది. చేతిలో ఫోను. "అక్కా, బావగారి పేరే... గ్రూపులో పెట్టారు" అంది. చనిపోయిన జవాను అని రాసి ఉంది. పేరు మా ఆయనదే. ఊరి పేరు లేదు, ఫొటో లేదు.

నాకు ఏం వినపడలేదు. బాబాయి ఎప్పుడొచ్చారో కూడా తెలీదు. ఆ పిల్ల చేతిలో ఫోను తీసుకుని అద్దాలు పైకి నెట్టి చూశారు.

"నంబరేది?"

"నంబరు రాయలేదు బాబాయ్."

"అయితే ఇది కబురు కాదు. నువ్వు పైకెళ్ళి సదూకో."

తన గదిలోంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి నా గుమ్మానికి అడ్డంగా వేసుకుని కూర్చున్నారు. నాకేసి చూడకుండానే, "ఉల్లిపాయలున్నాయా?" అన్నారు. ఉన్నాయన్నాను. "కొయ్యి. ఉన్నయ్యన్నీ కొయ్యి. ఏడుపొస్తే వాటి మీద తోసీ" అన్నారు.

నేను కోస్తూనే ఉన్నాను. ఆయన ఫోనులో ఒకరి తర్వాత ఒకరికి చేస్తూనే ఉన్నారు. పాత స్నేహితులు, రికార్డు ఆఫీసులో తెలిసినవాళ్ళు, ఎవరెవరో. ప్రతి ఒక్కరితోనూ ఒకటే మాట. పేరొద్దు సాబ్, నంబర్ బతాయియే, నంబరు చెప్పండి అని. కుడి చేత్తో ఫోను, ఎడమ చెయ్యి చొక్కా జేబు మీద. అంతసేపూ ఆ చెయ్యి అక్కణ్ణుంచి తియ్యలేదు. ఆయాసమేమోనని మంచినీళ్ళు ఇచ్చాను. తాగి, మళ్ళీ చెయ్యి అక్కడే పెట్టుకున్నారు.

సుమారు రెండు గంటలు గడిచాక అవతలి గొంతు ఏదో చెప్పింది. ఆయన, "ఆఖర్న ఎంత? మళ్ళీ సెప్పండి" అని తెలుగులోనే అనేశారు. తర్వాత నా వైపు తిరిగి, "మనోడిది సెప్పమ్మా" అన్నారు. మొత్తం నంబరు చెప్పాను.

"కాదమ్మా. మనోడు కాడు. ఆఖర్న సున్నా ఎనిమిదంట."

అప్పుడు నేను కత్తిపీట పక్కన పెట్టి ఏడ్చాను. బాబాయి నవ్వలేదు. "సున్నా ఎనిమిదికి కూడా ఒక ఇల్లుంటాది కదమ్మా" అన్నారు. నా సంతోషం నాకే సిగ్గనిపించింది.

ఆ సాయంత్రమే ఆ కుర్చీలో కూర్చుని ఒక హవల్దారు సంగతి చెప్పారు. చాలా ఏళ్ళ కిందట కొండల్లో యుద్ధమప్పుడు. బాబాయికి ఇరవై రెండేళ్ళు. ఆ హవల్దారుకి పరుగు పందేల్లో పెద్ద పేరు. బాబాయి ఆయన్ని మైదానంలో దూరం నుంచి చూడ్డమే తప్ప పలకరించే ధైర్యం ఎప్పుడూ చెయ్యలేదు. ఆ రోజు బాబాయి తీగ లాగుతుంటే, ఒక బండ వెనకాల ఆయనే బూట్ల లేసులు బిగించుకుంటూ కనిపించాడు. దాడికి వెళ్ళేవాళ్ళు ఇంటికొక ఉత్తరం రాసి, కింద ఉండిపోయే మనిషి చేతికి ఇవ్వడం అక్కడ అలవాటట. మనిషి దిగొస్తే విప్పకుండా వెనక్కిచ్చెయ్యాలి. రాకపోతే పోస్టు చెయ్యాలి.

"నన్ను సూసి, నీళ్ళున్నాయా అన్నాడు. ఇచ్చినాను. సగం తాగి, మూత బిగించి మరీ ఇచ్చినాడమ్మా. అంత తొందర్లోనూ! అప్పుడు జేబులోంచి ఉత్తరం తీసి, ఉంచుతావా అన్నాడు. అంత మనిషి నన్నడిగినాడు. సెయ్యి సాపినాను. అంతే. పావుగంట ఉంటాదేమో మొత్తం."

మర్నాడు బాబాయి వేసిన ఫోను తీగ మీదే పోయినవాళ్ళ పేర్లు చదివారు. హవల్దారు పేరు వినపడింది. బాబాయి ఏడుస్తూ వెళ్ళి ఆ ఉత్తరాన్ని ఆ రోజు టపాలో వేసేశారు. నాలుగో రోజున హవల్దారు, దెబ్బ తగిలినవాణ్ణి వీపున మోసుకుంటూ కొండ దిగి వచ్చాడు. పోయినవాడు అదే పేరున్న వేరే సిపాయి.

"ఆయన సెయ్యి సాపినాడమ్మా, ఉత్తరం కోసం. పోస్టు సేసీసినాను సాబ్ అన్నాను. ఆయన కూకుండిపోనాడు. తిడతాడనుకున్నాను. కొట్టినా బాగుండును. కాసేపటికి, నంబర్ పూఛా థా? అన్నాడు. నంబరు అడిగినావా అని. అంతే. నా దగ్గరే కాయితం తీసుకుని, బతికే ఉన్నానని రెండు లైన్లు రాసి నాకే ఇచ్చినాడు. మళ్ళీ నాకే! ఆ తర్వాత ఆయన్ని నేను సూడలేదు."

కుర్చీ చేతిని గోటితో గీకారు. మళ్ళీ అన్నారు. "రెండు ఉత్తరాలకి మజ్జిన ఎన్ని రోజులు పట్టిందో? ఆ రోజులు ఆ ఇల్లాలు ఎలగుందో? గాజులు తీసీసిందేటో, అత్తగారు ఏటి సేసిందో? ఇన్నేళ్ళూ నాకది తెలీనేదు."

ఆయన ప్రతిదానికీ నంబరెందుకు అడుగుతారో ఆ రోజు తెలిసింది. నాలుగు రోజులకి మా ఆయన ఫోను వచ్చింది. మళ్ళీ సెలవుకి వచ్చి వెళ్ళారు కూడా. బాబాయికి జేబు మీద చెయ్యేసుకునే అలవాటు మాత్రం పోలేదు.

పదకొండో రోజు కార్యక్రమం అయ్యాక బాబాయి కూతురు ట్రంకు పెట్టె తెరిచి నన్ను పిలిచింది. "ఇది మీదేమో చూడు" అని ఒక కవరు చేతికిచ్చింది. అంటించిన కవరు. మడతలు అరిగిపోయి, చెమట మరకలు కట్టి ఉంది. పైన పేరు లేదు. నంబరు ఉంది. ఆఖర్న ముప్పై ఒకటి. రాత మా ఆయనది. కింద పెన్సిలుతో బాబాయి రాత. "నంబరు అడక్కుండా ఇవ్వరాదు."

అక్కడే నేల మీద కూర్చున్నాను. నేను ఉల్లిపాయలు కోసినంతసేపూ మా ఆయన చావు కబురు ఆయన జేబులో ఉంది. నాకు అడుగు దూరంలో. దాని మీద చెయ్యి వేసి అది బయటికి రాకుండా ఆపి ఉంచారు.

సాయంత్రం ఫోనులో మా ఆయనతో చెప్పాను.

"చదివేవా?"

"లేదు."

"చదవకు. అది నేను లేననుకుని రాసింది. నేనుండగా నువ్వు చదవకూడదు."

"వచ్చినప్పుడు వెనక్కి తీసుకోలేదేం?"

"అడిగేను. మళ్ళీ ఎల్తావు కదరా, ఉండనీ అన్నాడు."

ఆ కవరు ఇప్పుడు నా దగ్గరుంది. ఎక్కడ పెట్టినా అక్కడికే నా చూపు పోతోంది. ఇది ఉంచుకోవలసిన మనిషిని నేను కాదు.

ఇంకొకటి చెప్పాలి, ఇది ఆయన కూతురికి కూడా చెప్పలేదు. పోయిన రోజు ఆయన డ్యూటీకి వెళ్తూ మెట్ల మీద ఆగారు. నేను పిండి గిన్నె పట్టుకుని ఎదురొచ్చాను. ఆయన ఎడమ చెయ్యి జేబు మీద ఉంది. ముఖం వాడిపోయి ఉంది. "సాయంత్రం దోసెలేస్తే నాకు రెండుంచమ్మా" అన్నారు. చెయ్యి అక్కడే పెట్టుకుని మెల్లగా దిగారు. అది ఆయన అలవాటే కదా అనుకున్నాను. అది నొప్పికి పెట్టుకున్న చెయ్యని, ఉత్తరం అప్పటికే ట్రంకులో ఉందని నాకేం తెలుసు? ప్రతిదీ అడగమని చెప్పిన మనిషిని, ఏమైంది బాబాయ్ అని నేను ఒక్క మాట అడగలేదు.

నిన్న బట్టలారేయడానికి డాబా మీదికి వెళ్ళాను. ఆయన పోయిన రోజు పొద్దున ఉతికి ఆరేసుకున్న బూడిద రంగు చొక్కా ఇంకా అక్కడే ఉంది. ఇన్ని రోజులూ ఎవరూ తియ్యలేదు. వానకి తడిసి, ఎండకి ఎండి బిగుసుకుపోయింది. తీగ మాత్రం ఎప్పట్లాగే వంగకుండా ఉంది. ఎడమ జేబు సాగిపోయి, నోరు తెరుచుకుని ఉంది. గాలి వచ్చినప్పుడల్లా అది నిండుతోంది, మళ్ళీ ఖాళీ అవుతోంది.