రెండు తొవ్వల కాడ మోదుగ కొమ్మ

బాపు పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను కామారెడ్డిలో సైకిల్ ట్యూబులు బేరం చేస్తున్నాను. ఫోన్ చేసింది మా తమ్ముడు. నేను నమ్మలేదు. నమ్మకపోవడానికి కారణం కూడా నేనే. కొన్నేళ్ల కింద నస్రుల్లాబాద్‌లో ఉన్న ఒక చుట్టానికి "మీ మేనమామ పోయిండు" అని ఫోన్ చేయించి, నిక్షేపంగా ఉన్న మనిషి ఇంటికి పూలదండలతో పదిమందిని రప్పించిన ఘనుణ్ని. ఆ మేనమామే వాకిట్లో నిలబడి వాళ్లందరికీ చాయ్ పోయించాడు. అలాంటివాడికి చావు కబురు వస్తే ముందు అనుమానమే వస్తుంది.

"నాతోనే పరాష్కాలా? ఎవడు నేర్పిండు నీకు?" అన్నాను.



"లేదన్న. పొద్దుగాల అవ్వ చాయ్ తీస్కపోయి లేపితే లేవలే. ఒళ్లంత సల్లగున్నదట. నువ్వు రా."

ట్యూబులు అక్కడే వదిలేసి బస్సెక్కాను. ఎల్లారెడ్డి దగ్గర పడుతుంటే కిటికీలోంచి గుట్ట కనిపించింది. అంతవరకు ఎలాగో ఉగ్గబట్టుకున్నాను. గుట్టను చూశాక మాత్రం పక్క సీటాయన తన తువ్వాల నాకిచ్చాడు.

బాపు అని ఊరంతా పిలిచేది గాని, ఆయన నాకు చుట్టం కాదు. మా ఇంటికీ వాళ్లింటికీ నడుమ ఒక కంప దడి, అంతే. ఇరవై మేకలు, ఒక గొంగడి, ఒక కట్టె, దడి అవతలి నుంచి నన్ను తిట్టే ఆయన భార్య అవ్వ, ఇవీ ఆయన ఆస్తి. ఉన్న ఒక్క బిడ్డకు పెళ్లి చేసి పంపాడు. మాది గుట్ట వెనక పల్లె. ఎల్లారెడ్డికి బస్సు గుట్టను చుట్టుకుని, ఆగిన చోటల్లా ఆగి పోతుంది. గుట్ట మీదుగా నడిస్తే గంటన్నర. బస్సు లేని కాలంలో ఊరంతా ఆ తొవ్వనే పోయేదట. ఆ తొవ్వ ఒక్క తీరుగా ఉండదు. మేకలు నడిచిన బాటలు, కట్టెలవాళ్లు కొట్టిన బాటలు, తునికాకుకు పోయినవాళ్ల బాటలు అన్నీ కలిసిపోయి ఉంటాయి. కొత్తవాడు ఎక్కితే గుడ్డెలుగుకు చుట్టమై పోవలసిందే.

అందుకే కొమ్మ పెట్టే పద్ధతి వచ్చింది. ముందు పోయిన మనిషి తొవ్వ చీలిన చోట పచ్చి మోదుగ కొమ్మ విరిచి, పోకూడని బాటకు అడ్డంగా వేసి, గాలికి పోకుండా ఒక రాయి పెడతాడు. కొమ్మ మొదలు పోవలసిన దిక్కు చూపిస్తుంది. వెనక వచ్చేవాడు చదువు రాకపోయినా అది చదువుకుంటాడు. ఏడో తరగతి దగ్గర బడికీ నాకూ చెడింది కాబట్టి ఈ చదువు విలువ నాకు బాగా తెలుసు.

"ముంగట పోయేటోనికి ఎనుక వచ్చేటోడు కనబడడు. గందుకే కొమ్మ," అనేవాడు బాపు. "పచ్చిగుంటే ఇయ్యాల పెట్టిండన్నట్టు. వాడితే నిన్న. ఎండితే దాని మాట పాతదైందన్నట్టు, నీ కండ్లు నువ్వు వాడుకో."

ఆయనతో మొదటిసారి గుట్ట ఎక్కిన రోజు నా అలవాటు కొద్దీ ఆయన సద్దిమూటలో ఒక రాయి దాచాను. అరచేయంత రాయి. మనిషి ఒక్క మాట అనకుండా పైదాకా మోశాడు. పైన బండ మీద కూర్చుని మూట విప్పి, రాయిని తీసి అటూ ఇటూ తిప్పి చూసి, ఒక పక్కన జాగ్రత్తగా పెట్టాడు.

"మంచి రాయి తెచ్చినవ్ బిడ్డ. పైన రాళ్లు తక్కువ పడ్డయి," అన్నాడు.

ఊళ్లో నాతో నోరు పెట్టుకుని గెలిచినవాళ్లు లేరు. బాపు నోరు పెట్టుకోకుండానే గెలిచేవాడు. ఎలుగు తిరిగే మలుపు దగ్గరికి రాగానే కట్టెతో బండ మీద మూడు దెబ్బలు కొట్టి, "వస్తున్నమమ్మా, మా తొవ్వ మాది, నీ తొవ్వ నీది" అని చెప్పి గాని కదిలేవాడు కాదు. చెలిమె గుంటలో నీళ్లు తాగితే ఆకులతో మళ్లీ కప్పేవాడు. ఎక్కేటప్పుడు ఊపిరి చూసుకోవాలి, దిగేటప్పుడు కాలు చూసుకోవాలి అనేవాడు. నేను ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ నోరే చూసుకునేవాణ్ని.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇంతసేపు చుట్టూ తిరిగింది అది చెప్పడానికి ధైర్యం చాలకే.

రెండు వేల పదకొండులో సమ్మెకు బస్సులు బందైన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. దసరా దాటినా బస్సు చక్రం కదల్లేదు. మళ్లీ గుట్ట తొవ్వే దిక్కయింది. బాపు రోజూ మబ్బులనే, తెల్లవారకముందే, మేకలతో ఎక్కి, చీలిక చీలికకూ కొత్త కొమ్మ పెట్టి వచ్చేవాడు. ఆ నెల్లాళ్లు ఆయన నడకలో ఏదో హుషారు. ఊరికి మళ్లీ ఆయన అవసరం పడింది. "బాపు కొమ్మ పెట్టిండంటే కండ్లు మూసుకొని పోవచ్చు" అనేవాళ్లు.

అప్పుడు బీర్కూర్ నుంచి మా బామ్మర్ది వచ్చి ఇరుక్కుపోయాడు. కాలువ నీళ్ల ఊరివాడు, గుట్టంటే లెక్కలేదు. "గిదేం గుట్ట బావ, మా చెరువుకట్టంత లేదు. ఒక్కన్నే పోత," అన్నాడు. నా నాలుక దురద పెట్టింది, చేతులు అంతకన్నా ఎక్కువ దురద పెట్టాయి. మర్నాడు పొద్దున్నే వాడికంటే ముందు ఎక్కి, రెండు తొవ్వల కాడ బాపు పెట్టిన కొమ్మను తీసి మంచి బాటకు అడ్డంగా వేశాను. మొదలును ఒర్రెలోకి, అంటే రాళ్ల వాగులోకి దిగే చెడ్డ బాట వైపు తిప్పి, పైన రాయి పెట్టాను. బండ చాటున కూర్చున్నాను. వాడు నూరడుగులు పోయాక పిలిచి, ఏడాది పాటు నవ్వుకోవాలని నా లెక్క.

వాడు రాలేదు. ఎవరిదో ట్రాక్టర్ దొరికితే రోడ్డు మీదుగా పోయాడట. నేను బీడీలు కాల్చి కాల్చి విసిగి, ఎల్లారెడ్డిలో నా పంక్చర్ కొట్టు తెరవాలని దిగిపోయాను. కొమ్మను మళ్లీ తిప్పి పెట్టడం మరిచిపోయాను. ఆ మరుపు తప్ప దీంట్లో ఇంకేమీ లేదు. పగ లేదు, దురుద్దేశం లేదు. అందుకే ఇది క్షమించుకోవడానికి ఇంత కష్టంగా ఉంది.

ఆ రోజే మా పల్లెలో ఒక ముసలామె షుగర్ గోలీల కోసం ఒంటరిగా గుట్ట ఎక్కింది. కొమ్మను చూసింది. బాపు పెట్టిన కొమ్మే కదా అని మొదలు చూపిన దిక్కుకు దిగింది.

సాయంత్రం నేను ఎవరిదో బండెక్కి రోడ్డు మీదుగా ఊరు చేరేసరికి ఆమె కొడుకు ఇల్లిల్లూ అడుగుతున్నాడు. నాకు అప్పుడు గుర్తొచ్చింది. బాపు అప్పటికే కట్టె, మూట తీసుకుని బయలుదేరాడు. కొడుకు, నేను వెంట పోయాం. రెండు తొవ్వల కాడ బాపు ఆగాడు. కొమ్మను చూశాడు. వంగి రాయిని చూశాడు. మా ఇద్దరి ముఖాల వైపు చూడలేదు. "ఇటు పోదాం" అని ఒర్రె వైపు తిరిగాడు.

ఆమె ఒర్రెలో ఒక బండకు ఆనుకుని కూర్చుని ఉంది. పెదవులు ఎండిపోయాయి, మాట ముద్దగా వస్తోంది, ఒళ్లంతా చెమట. పొద్దంతా తిండి లేక షుగర్ పడిపోయిందని బాపు మూటలోంచి బెల్లం ముక్క తీసి నోట్లో పెట్టి, కరిగేదాకా గడ్డం పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత కొడుకునూ నన్నూ మోయనివ్వలేదు. "మీకు కాలు పెట్టే జాగ ఎర్కలేదు" అని తానే వీపున ఎత్తుకున్నాడు. పైకి వచ్చేటప్పుడు పాచి పట్టిన రాయి మీద కాలు జారింది. ఆమెకు దెబ్బ తగలకుండా ముందుకు పడ్డాడు. మోకాలు బండకు కొట్టుకున్న చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

"ఎవడు బాపు, కొమ్మ గిట్ల పెట్టింది? వాని చెయ్యి ఇరగ్గొడ్త," అన్నాడు కొడుకు, ఏడుస్తూనే.

బాపు మోకాలు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. "నేనే బిడ్డ. మబ్బుల కండ్లు కనబడక తప్పు పెట్టిన," అన్నాడు.

నా నోటి గురించి మీకు తెలుసు. పెళ్లిలో, పంచాయతీలో, చావులో కూడా అది ఊరుకోదు. ఆ ఒక్కనాడు ఊరుకుంది.

ముసలామె బతికింది. ఇంకో రెండేళ్లుండి, వేరే జబ్బుతో పోయింది. బాపు మోకాలు మాత్రం బాగుపడలేదు. పసరు కట్టారు, సూదులు వేయించారు. మనిషి మళ్లీ గుట్ట ఎక్కలేదు. మేకలు అమ్మేశారు. అంతకన్నా పెద్దది ఇంకోటి పోయింది. "బాపుకు చూపు పోయింది, ఆయన మాట నమ్మద్దు" అని ఊరు అనుకుంది. చాయ్ హోటల్లో ఒకడు, "బాపు కొమ్మ పట్టుకొని పోతే సీదా యముని దగ్గర దిగుతం" అంటే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వావని నన్ను అడగకండి, నేను మూడేళ్లుగా అడుగుతూనే ఉన్నాను.

కొన్నాళ్లకు బాపు దడి మీదుగా పిలిచాడు. మంచం గుట్ట కనబడేటట్టు వేయించుకున్నాడు.

"రేపటి సంది నువ్వు ఎక్కాలె. కొమ్మలు నువ్వు పెట్టాలె."

"బస్సులు మొదలైనయి గద బాపు. ఇంక ఎవరు నడుస్తరు?"

"ఒక్కడు నడిచినా తొవ్వే. ఎక్కుతవా, లేదా?"

ఎక్కాను. మొదట్లో కొన్నిసార్లు ఎక్కకుండానే ఎక్కానని చెప్పేవాణ్ని. ఆయన కళ్లు మూసుకుని అడిగేవాడు, "చెలిమెల నీళ్లు ఎంతకున్నయి? పెద్దబండ కాడి మొర్రి చెట్టు పూసిందా?" నేను పూసిందనేవాణ్ని. "ఆ చెట్టు నిరుడే కూలింది. పో, చూసి రా," అనేవాడు. అవ్వ లోపలి నుంచి, "ఈనికి అబద్ధం కూడ సరిగ రాదు" అని నవ్వేది. అలా నన్ను నిజంగా గుట్ట ఎక్కించాడు. ఆయన కాళ్లు నేను, నా కళ్లు ఆయనవి. పుట్టతేనె ఎక్కడ పట్టింది, ఏ బాట కంపతో మూసుకుపోయింది, ఎలుగు ఏ మలుపున మట్టి తవ్వింది, అన్నీ సాయంత్రం మంచం పక్కన కూర్చుని అప్పజెప్పేవాణ్ని.

ఒకనాడు కొమ్మ పెట్టే పద్ధతి మంచం మీదనే ఒక పుల్లతో చూపించాడు.

"రాయి మొదలు మీద పెట్టాలె. ఆకుల మీద పెడితే ఆకు నలిగి జల్దీ వాడుతది. ఆ దినం నువ్వు ఆకుల మీద పెట్టినవ్."

అంతే అన్నాడు. పుల్లను పక్కన పెట్టి అవ్వను నీళ్లడిగాడు.

"బాపు, ఆ దినం నేను..." అన్నాను.

"ఆ ముచ్చట ఎందుకు. వాడు అప్పుడు నీ చెయ్యి ఇరగ్గొడితే ఇప్పుడు కొమ్మ ఎవడు పెడ్తుండె?" అన్నాడు. "తొవ్వ తప్పిచ్చినోడే తొవ్వ చూపాలె. రేపు వాన పడేటట్టున్నది, మబ్బులనే ఎక్కు."

తర్వాత కూడా రెండు మూడుసార్లు నోరు తెరిచాను. ప్రతిసారీ చెలిమె గురించో మొర్రి చెట్టు గురించో అడిగి మాట మళ్లించాడు. ఊరందరి ముందు చెబుతానని మాత్రం నేను ఒక్కసారీ అనలేదు. అలా చెప్పి ఉంటే, నవ్విన ఆ నోళ్లు ఆయన బతికుండగానే మూతపడేవి. వచ్చే పండుగకు చెబుదాం, ఆ ముసలామె కొడుకు కోపం తగ్గాక చెబుదాం అనుకుంటూ మూడేళ్లు గడిపాను. బాపు నన్ను తొందరపెట్టలేదు. ముందు వెళ్లిపోయాడు.

బొందలగడ్డకు తీసుకుపోయే దారిలో పాడెను దింపారు. దింపుడు కల్లం దగ్గర అయినవాళ్లు చెవిలో మూడుసార్లు పిలుస్తారు, ప్రాణం ఉంటే పలుకుతుందని. బిడ్డ పిలిచింది, అల్లుడు పిలిచాడు. అవ్వ నావైపు చూసి, "నువ్వు సుత పిలువు, నీ మాటకు లేస్తడేమో" అంది. నేను వంగాను. పిలవలేదు. "ఆ కొమ్మ నేనే తిప్పిన బాపు" అన్నాను. మూడుసార్లు అన్నాను. అందరూ నేను పిలుస్తున్నాననే అనుకున్నారు. పాడెకు ముందు కొమ్ము కాసింది ఆ ముసలామె కొడుకే. అతనికీ వినబడలేదు.

అందుకే ఇది రాస్తున్నాను. బాపు చూపు చివరిదాకా పోలేదు. ఆయన జీవితంలో ఒక్క కొమ్మ కూడా తప్పు పెట్టలేదు. ఆ ఒక్కటి నాది. ఇది ఆ కొడుకు కూడా చదువుతాడు. నా కొట్టు ఎక్కడుందో అతనికి తెలుసు. పొద్దున తొమ్మిదికి తెరుస్తాను.

తిరిగి వచ్చేటప్పుడు చివరి మనిషి ఊరి తొవ్వకు అడ్డంగా ఒక రేగు కంప వేసి రావాలి. పోయినవాళ్లు మళ్లీ ఇంటి దారి పట్టకూడదని మా పల్లెలో ఆ ఆచారం. మా తమ్ముడు కంప నరికి నా చేతికిచ్చాడు.

"కొమ్మలు పెట్టుడు నీకే ఎర్క గదన్న. నువ్వే ఎయ్యి."

వేశాను. ముళ్లు గీరుకున్నాయి. రాయిని మొదలు మీద పెట్టాను, ఆకుల మీద కాదు. లేచి రెండడుగులు వేసి మళ్లీ వంగి, మొదలును గుట్ట వైపు తిప్పాను. వెనక్కి చూడకూడదంటారు. చూశాను. సన్నగా వాన మొదలైంది. రేగు ఆకులు ఇంకా పచ్చిగానే ఉన్నాయి.