అమ్మ చుట్టమైన పూట

నా చిన్నప్పుడు మా ఇంట్లో రాత్రి అన్నం దగ్గర సణుగుడు లేని రోజు ఒక్కటి కూడా నాకు గుర్తు లేదు.

కట్టంగూర్‌కు రెండు కోసుల దూరంలో మా ఊరు. తాత, అవ్వ, నాయిన, చిన్నాయిన, అమ్మ, నేను, ఇదీ మా ఇల్లు. మాంసం పండుగలకే. మిగిలిన దినాలన్నీ పప్పో, ఆకుకూరో, పచ్చిపులుసో. పెరట్లో ఏది కాస్తే అదే ఆ పూట కూర. కొని తెచ్చే ఓపిక మా ఇంటికి లేదు. కానీ నోళ్లకు మాత్రం జమీందారుల ఇంటి వంకలు ఉండేవి. తాతకు పళ్లు లేవు, ఏది వండినా వెన్నలా ఉండాలి. అవ్వ ఏదో మొక్కు పేరు చెప్పి ఎల్లిగడ్డ, అంటే వెల్లుల్లి, మానేసింది. చిన్నాయినకు కళ్ల వెంట నీళ్లు కారితే తప్ప ముద్ద దిగదు. నాయినేమో పప్పును చూడగానే కడుపు ఉబ్బుతుందనేవాడు. అందరికంటే ఘనుణ్ణి నేను. ఎవరిదో పెళ్లిలో ఆలుగడ్డ కూర తిన్న నాటి నుంచి నాకు మరొకటి కూరలాగే కనిపించలేదు.

ఒకనాడు అమ్మ పుంటికూర పప్పు చేసింది, గోంగూర అంటారే, అదే. పొద్దంతా చేనులో కలుపు తీసి, నడుము పట్టుకుపోయి వచ్చిన మనిషి. తాత పుల్లగా ఉందన్నాడు, చిన్నాయిన చప్పగా ఉందన్నాడు. నాయిన పళ్లెం వైపు చూసి నిట్టూర్చాడు. నేను పళ్లెం ముందుకు నెట్టి, "రోజూ గిదేనా? గడ్డి లెక్కుంది!" అన్నాను.

అమ్మ కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. గరిటె కింద పెట్టి, నా వైపు కాసేపు చూసింది.

"రేపు మాపటికి వంట నువ్వే బిడ్డా. ఎవలికేం గావాల్నో అందర్ని అడుగు, గదే వండు. రేపు నేను ఈ ఇంటికి సుట్టాన్ని."

నాయిన నవ్వాడు. మగపిల్లగాడు వండుడేందని అవ్వ మూతి తిప్పింది. అమ్మ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. అప్పుడు నాకు పదకొండేళ్లు. ఆ తేడా తెలిసే వయసు కాదు.

మరునాడు ఆదివారం. పొద్దున్నే ఉత్సాహంగా ఇంట్లో తిరిగాను. తాతకు మెత్తటి పప్పు కావాలి. అవ్వకు ఎల్లిగడ్డ తగలని తాలింపు. చిన్నాయినకు పచ్చిమిరపకాయ తొక్కు. నాయినకు పప్పు తప్ప ఏదైనా. నాకు సరేసరి. అన్నీ వేళ్ల మీద లెక్క పెట్టుకుని వంటింట్లోకి పోయి చూస్తే, కుండలో నాలుగు గుప్పెళ్ల కందిపప్పు, చూరు మీది తీగకు ఒక సొరకాయ, కాస్త చింతపండు, సీసా అడుగున నూనె. ఆలుగడ్డ మాట దేవుడెరుగు, ఉల్లిగడ్డలే మూడున్నాయి.

పొద్దు వాలుతుండగా పొయ్యి రాజేశాను. కంది కట్టె వానకు నాని ఉంది. ఊదీ ఊదీ నా బుగ్గలు నొప్పి పుట్టాయి తప్ప మంట లేవలేదు. లేచాక పప్పు, సొరకాయ ముక్కలు కుండలో వేసి, ఒక పని తగ్గుతుంది కదా అని చింతపండు పులుసు కూడా అందులోనే పోశాను. ఇక ఆ పప్పు ఉడకనంటే ఉడకనంది. కలిపాను, నీళ్లు పోశాను, మళ్లీ ఊదాను. గింజ గింజలాగే ఉంది. ఈలోగా అన్నం అడుగంటింది. నాయినకని మిగిలిన చింతపండు పిసికి పచ్చిపులుసు కలిపాను. తొక్కు నూరిన చేత్తో కన్ను నలుపుకున్నాను. నూనె సగం నేల తాగింది.

ఏడుపు గొంతుతో అరుగు మీదికి పరిగెత్తాను. అమ్మ గోడకు ఆనుకుని, కాళ్లు చాపుకుని కూర్చుంది. ఆమె అలా కూర్చోగా అంతకుముందు నేను చూడలేదు.

"అమ్మా, పప్పు ఉడుకుతలేదే!"

"నన్నడుగుతవేందిరా? సుట్టం పొయ్యి కాడికొస్తదా?" అంది. కళ్లలో మాత్రం నవ్వు కనిపించింది.

చీకటి పడింది. అందరూ వరుసగా కూర్చున్నారు, అమ్మ కూడా, చివరన. మొట్టమొదటి ముద్దకే తాత పప్పుబద్దను వేలి మీద పెట్టి చూపించాడు. ఇది పప్పా, పలుగురాళ్లా అని. అవ్వ తన పప్పులో ఎల్లిగడ్డ వాసన పట్టేసింది, అది పోపు గరిటెకు అంటిన వాసన. చిన్నాయిన ఉప్పేదన్నాడు. నాయిన పచ్చిపులుసు ఒక గుక్క తాగి పళ్లెం పక్కకు జరిపాడు. పొగకు మండిన కళ్లు, కాలిన వేలు, సాయంత్రమంతా పడ్డ తిప్పలు అన్నీ ఒక్కసారిగా నెత్తికెక్కాయి.

"తింటె తినుండ్రి, లేకుంటె లేసిపోండ్రి!" అని అరిచాను.

అది అమ్మ మాట. నెలకు రెండుసార్లయినా ఆమె నోట విని, ఎందుకంత చిరాకో అని మేము నవ్వుకున్న మాట. అదే గొంతుతో, అదే విసురుతో నా నోట వచ్చింది. నాయిన జరిపిన పళ్లేన్ని మెల్లగా మళ్లీ దగ్గరికి లాక్కున్నాడు.

అప్పుడు అమ్మ పళ్లెం ముందుకు చాచి, "నాకింత పెట్టు బిడ్డా" అంది.

కుండలోకి చూశాను. అడుగున మాడిన అన్నం తప్ప ఏమీ లేదు. పొద్దున్నుంచి వేళ్ల మీద లెక్క పెట్టింది ఐదుగురినే. అందరినీ అడిగాను. అమ్మను అడగలేదు. అడగాలని తోచనే లేదు. నా ముఖంలోకి వేడి పాకింది.

"నీకేం గావాలమ్మా?" అన్నాను, అప్పుడు.

ఆమె గోడ వైపు చూసింది, దీపం వైపు చూసింది. నిజంగానే ఆలోచించింది. తర్వాత కొంచెం సిగ్గుపడ్డట్టు నవ్వి, "ఏమోరా... నాకేమిష్టమో యాదికొస్తలేదు" అంది.

నాయిన తల వంచుకున్నాడు. నేను నా పళ్లెంలోని అన్నం, ఆలుగడ్డ ముక్కల్లా కోసి వేయించుకున్న సొరకాయ ముక్కలతో సహా అమ్మకు పెట్టాను. ఆమె వద్దనలేదు. ఊదుకుంటూ తింది. "ఉప్పు మర్చినవు గానీ, గింత ఏడి అన్నం తిని ఎన్ని దినాలాయెనో" అంది.

ఆ రాత్రితో మా ఇల్లు మారిపోయిందని చెబితే అబద్ధం. మూడో నాటికి తాత మళ్లీ పప్పు గట్టిగా ఉందన్నాడు, నాయిన మళ్లీ నిట్టూర్చాడు. కానీ ఆ వారంలోనే ఒక సాయంత్రం అమ్మ చేను నుంచి ఒడి నిండా ఏదో ఆకు తెచ్చి, నన్ను పక్కకు పిలిచింది.

"యాదికొచ్చిందిరా. గంగవాయిలి కూర, పెసరపప్పేసి. మా అమ్మ చేసేది. దినాం కలుపుల పీకి గట్టుమీద పారేసుడే గానీ, ఇంటికి తెస్తే ఎవలు తింటరని తేలే."

ఇద్దరం కలిసి వండాం. పప్పు మెత్తగా ఉడికాకే పులుపు పోయాలని అప్పుడు చూపించింది. ఆ రాత్రి ఎవరు ఏం సణిగారో నాకు గుర్తు లేదు. అమ్మ రెండోసారి అన్నం పెట్టుకుంది, అది గుర్తుంది.

ఇప్పుడు నల్లగొండలో ఉంటున్నాను. కొత్త రాష్ట్రం వచ్చింది, గ్యాసు పొయ్యి వచ్చింది, వంకలు మాత్రం ఎక్కడికీ పోలేదు. మా కోడలు బడిలో పంతులమ్మ. బస్సు దిగి వచ్చేసరికి ఏడవుతుంది. అందుకని రాత్రి వంట నాదే. నేను బీరకాయ తరుగుతుంటే మనవలు సెల్‌ఫోనులో పనీరు బొమ్మలు చూపిస్తారు. కొడుకు మూత ఎత్తి చూసి, మాట్లాడకుండా మూత పెడతాడు. నాకు ఒళ్లు మండుతుంది, ఈ వయసులో కూడా.

అయినా పొయ్యి వెలిగించే ముందు ప్రతి సాయంత్రం కోడలికి ఫోను చేసి ఏం తింటావని అడుగుతాను. "ఏదైనా పర్వాలేదు మామా" అంటుంది. ఆ మాట వింటే నాకు ఎక్కడలేని చిరాకు. గట్ల చెప్తే నడువదమ్మా, ఒక కూర పేరు చెప్పు అంటాను. బస్సు మోతలో ఆమె ఆలోచిస్తుంటే, ఫోను చెవి దగ్గరే పట్టుకుని నిలబడతాను. పేరు చెప్పేదాకా పెట్టేయను.