పెంచిన ఆవు

మదనపల్లెలో మా ఇంట్లోనే కూర్చుని ఇతరుల ఇంగ్లీషు దిద్దుతుంటాను. ఉద్యోగ దరఖాస్తులు, కాలేజీ ఇంటర్వ్యూలకు రాసుకునే పరిచయాలు, అప్పుడప్పుడూ పరిశోధన వ్యాసాలు. నాకూ ఇంగ్లీషు బడిలో నేర్చుకున్నదే కాబట్టి ఎదుటివాళ్ల తప్పు ఎక్కడినుంచి వచ్చిందో ఇట్టే తెలిసిపోతుంది. నాకు బాగా చిరాకు తెప్పించేది 'హ్యావ్'. మనకు జ్వరం ఉంటుంది, అన్న ఉంటాడు, అనుమానం ఉంటుంది, అరెకరం చేను ఉంటుంది. ఆ ఉండడాలన్నింటినీ తెచ్చి ఈ ఒక్క క్రియ నెత్తిన పెడతారు. దాన్ని కొట్టేసి సరైన క్రియ వెతకడంతోనే నాకు సగం రోజు గడిచిపోతుంది.

పోయిన ఏడాది పుంగనూరు దగ్గరి పల్లె నుంచి ఒక అమ్మాయి తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. కుప్పంలో పశుపోషణ కోర్సులో సీటు కోసం ఇంటర్వ్యూ ఉందట. తన గురించి ఇంగ్లీషులో ఒక పేజీ రాసుకొచ్చింది. 'హ్యావ్' పెట్టి రాసిన 'మాకు ఒక ఆవు ఉంది' అన్న వాక్యం దగ్గర నా పెన్ను ఆగింది.

"ఆవు మీ సొంతమేనా?" అన్నాను.

అమ్మాయి తల్లి వైపు చూసింది. సొంతం కాదు. ఊళ్లో ఒక రైతు దాన్ని దూడగా ఉన్నప్పుడు వీళ్లకు పాలికి ఇచ్చాడు. మేపడం, చాకిరీ చేయడం వీళ్ల వంతు. అది ఈనిన దూడల్లో చెరి సగం. ఆవు మాత్రం ఎప్పటికీ ఆయనదే, కావాలంటే తోలుకుపోవచ్చు.

సొంతమని రాస్తే ఇంటర్వ్యూలో ఎవరైనా గుచ్చి అడుగుతారు, పిల్ల తడబడుతుంది, సీటు పోతుంది. ఆ మాటే చెప్పాను, కాస్త కటువుగానే.

తల్లి అప్పుడు నోరు విప్పింది. "ఇంత దూడగా ఉన్నెప్పుడు తోలుకొస్తిమి. ఈనినప్పుడు నేనే పక్కన ఉండాను. జబ్బు చేస్తే నేనే సూసుకొన్యా. మా ఊర్లో ఎవుర్నడిగినా ఆ రైతోళ్ల ఆవు అంటారు. ఇంగ్లీషులో గూడా వాళ్లదేనా అమ్మా?"

జాలిపడే అలవాటు నాకు తక్కువ. ఆ రోజు మాత్రం బాధేసింది.

పిల్లలను పెంచడానికీ పశువులను పెంచడానికీ ఇంగ్లీషులో కలిపి వాడే క్రియ ఒకటుంది. 'ఆవు ఒక రైతుది, దూడప్పటి నుంచి దాన్ని పెంచింది మా అమ్మ' అని రాశాను. కూతురు తెలుగులో చెప్తే విని, "నిజమేలేమ్మా" అంది తల్లి. ముఖం మాత్రం తేలికపడలేదు.

కొన్నాళ్లకు ఆమే ఫోన్ చేసింది. ఇంటర్వ్యూలో ఆవు గురించే అడిగారట, పిల్ల తడుముకోకుండా చెప్పిందట.

"సీటొచ్చిండాది మా. చేరేప్పుడు ఆ పేజీనే మళ్లా ఇయ్యాలంట. పాప హాస్టలుకు పోతే ఒక్కదానివే యాడ మేపుతావని, మొన్న ఆ రైతోళ్లు ఆవును తోలుకపోయిరి. ఆ మాట తీసేయాల్నా?"

కంప్యూటర్లో ఆ వాక్యం తెరిచి చూశాను. మార్చవలసిందేమీ లేదు.

"వద్దమ్మా, అట్లే ఉండనీ. పెంచింది నువ్వే కదా."



"నేనే," అంది. "ఈపొద్దు గూడా గడ్డి కోసుకొస్తినమ్మా, మర్సిపోయి."