లాంగ్‌జంప్ నుంచి కుట్టు క్లాసుకి

అరవైల చివర నేను రేపల్లెలో ఒక ఆడపిల్లల బడిలో డ్రిల్లు టీచరుని. మొదటి కాన్పుకి తెనాలిలో పుట్టింటికి వెళ్లాను. అమ్మ నా నడుముకి పాత చీర బిగించి కట్టి, మూడు నెలలు మంచం దిగనివ్వలేదు. బిడ్డను వంగి ఎత్తుకోబోయినా కేకలేసేది. సెలవు అయిపోయి అత్తగారింటికి వచ్చిన మర్నాటి నుంచి నేను బాలింతనన్న సంగతి అందరూ మర్చిపోయారు. వీధి పంపు నుంచి బిందెలు మొయ్యడం మళ్లీ నా వంతయింది.

బడిలో హెడ్‌మిస్ట్రెస్ గారు, "పోటీలు దగ్గరకొచ్చాయమ్మా, లాంగ్‌జంప్ నువ్వే చేసి చూపించు" అన్నారు. చూపించాను. మూడోసారి ఇసుకలో పడ్డప్పుడు లోపల ఏదో జారినట్టయింది. లేచేసరికి మూత్రం ఆగక చీర తడిసింది. పిల్లలకు కనబడకుండా కొంగు చుట్టుకుని నిలబడ్డాను.

మా ఆయనకు చెబితే పేపరు దించకుండానే, "గెంతే ఉద్యోగం మానెయ్యి" అన్నారు. బిందెలు మానెయ్యమనలేదు.

ఎవరికీ చెప్పకుండా రైలెక్కి బాపట్ల ఆసుపత్రికి పోయాను. డాక్టరమ్మ చూసి వెళ్లాక, పెద్ద నర్సు నా పక్కన కూర్చుంది.

"గర్భసంచి కాస్త కిందికి జారిందమ్మా. మూత్రం ఆపుకున్నట్టు కండరాలు బిగబట్టు, ఐదు లెక్కపెట్టి వదులు. రోజుకి మూడు పూటలు. ముందు నడక. బరువులొద్దు. మళ్లీ చూపించుకున్నాకే గెంతడం."

"కాన్పప్పుడే ఎవరూ చెప్పలేదేంటండి?"

"అడిగేవాళ్లేరీ?" అంది.

తిరుగు దారిలో తెనాలిలో దిగి అమ్మకు చెప్పాను. చేటలో బియ్యం ఏరుతూ తలెత్తలేదు.

"నాకూ అంతేనే. తమ్ముడు పుట్టినప్పట్నించీ."

ఇరవై ఏళ్లు! "మరి నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెప్పుకునే సంగతా అది?"

జాలి రావలసింది. కోపమే వచ్చింది. అది ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

కొన్నాళ్లు గెంతే పని వద్దని హెడ్‌మిస్ట్రెస్ గారిని బతిమాలాను. నన్ను కుట్టు క్లాసుకి మార్చి, మైదానం కొత్తగా వచ్చిన అమ్మాయికిచ్చారు. "పెళ్లికాని పిల్లయితే ఈ గొడవలుండవు" అని నా ముందే అన్నారు. నేను కుట్టు మిషన్ల మధ్య కూర్చుని, మొహంలో ఏమీ కనబడనివ్వకుండా, బిగబట్టి లెక్కపెట్టుకునేదాన్ని. నీళ్లు చిన్న బిందెతో తెస్తే అత్తగారు, "మహారాణీగారు దిగారు" అని వీధికంతా వినబడేలా అనేది. చీర తడవడం ఆగడానికి ఆరు నెలలు పట్టింది. బాపట్లలో మళ్లీ చూసి పరుగెత్తవచ్చన్నారు.

మైదానం తిరిగి ఇమ్మని అడిగాను. "కుట్టు బానే చెబుతున్నావుగా అమ్మా" అన్నారు. డెబ్భైలన్నీ సూదీ దారంతోనే గడిచాయి.

ఆ కొత్త డ్రిల్లు టీచరమ్మాయికి ఆ ఏళ్లలోనే పెళ్లయింది. కాన్పుకి వెళ్లబోయేముందు ఆమెను పక్కకు పిలిచి, నాకు జరిగిందీ, నర్సు నేర్పిందీ చెప్పబోయాను. సిగ్గుతో ఆ అమ్మాయి మొహం కందిపోయింది.

"ఇలాంటి మాటలు నాకెందుకక్కా" అని చెయ్యి విడిపించుకుని వెళ్లిపోయింది.